ఆ వానకి నేనిచ్చిన టైర్లు

ఆ ఏడు వానలు ఎంత ముందుగా వచ్చాయంటే, కప్పలు గొంతు సవరించుకునేలోపే గుంటలన్నీ నిండిపోయాయి. అవి సిగ్గుపడి ఆ సంవత్సరమంతా అరవడమే మానేశాయి. ఈ మాట అంటే మా ఆవిడ, "కప్పలు నీకొచ్చి చెప్పాయా?" అనేది. "చెప్పలేదు, సిగ్గుపడ్డాయంటున్నానుగా" అనేవాణ్ణి. అప్పటికి ముప్పై నాలుగేళ్ల కాపురం మాది, ఇలాగే నడిచింది. నేను కోతలు కోయడం, ఆవిడ వాటిని మొదట్లోనే తుంచేయడం.

నాది టైర్ల కొట్టు. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మా పంతులుగారు నా పలక చూసి, "వీడికి సున్నా ఒక్కటే గుండ్రంగా వస్తుంది" అన్నారు. పెద్దల మాట వమ్ము కాకూడదని జీవితమంతా గుండ్రటి వస్తువుతోనే బతికాను. మా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్లు నడిపి, ఒక్క మనిషికీ ఒక్క గోడకీ గీత పడకుండా దిగింది. ఆ పుణ్యమంతా ఆదివారాలు ఖర్చు పెట్టేది.

ఊరి బయట ఒక ట్రాక్ ఉండేది, ఆదివారం ఆదివారం అక్కడ చిన్న కార్ల పందేలు. పేరు కోసమో కప్పు కోసమో వచ్చే జనం కాదు. రొట్టెలు కాల్చేవాడు, పళ్ల డాక్టరు, లెక్కల టీచరమ్మ, ఇలాంటివాళ్లు. వారమంతా బుద్ధిగా పని చేసుకుని, ఆదివారం ఆ బుద్ధిని గడప దగ్గర విడిచి వచ్చేవాళ్లు. వాళ్లలో అందరికంటే పెద్దది మా ఆవిడ. ఆ ఏటికి యాభై ఎనిమిది.

మొదటి సంవత్సరమే ఒక వాన రోజున మా ఇద్దరికీ గొడవైంది. నున్న టైర్లు వేద్దామని ఆవిడ, వాన టైర్లు వేద్దామని నేను. కారు జాకీ మీద ఉండగానే అవతల పందెం మొదలైపోయింది. పందెం చూడకుండానే ఇంటికి వచ్చేశాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆవిడే రాజీ చెప్పింది. "రబ్బరు నీది, రోడ్డు నాది. నీ టైర్ల వంక నేను చూడను, నా స్టీరింగు వంక నువ్వు చూడకు."

అప్పట్నుంచి అదే ఆచారం. నేను చక్రాలు బిగిస్తుంటే ఆవిడ అటు తిరిగి టీ తాగేది. కార్లో కూర్చుని, బెల్టు బిగించుకుని, "ఏమిచ్చావు?" అనేది. నేను "నున్నవి" అనో "వానవి" అనో చెప్పేవాణ్ణి. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా వంగి చూసిన పాపాన పోలేదు.

మీకు టైర్ల సంగతి కొంచెం చెప్పాలి. నున్నవి అంటే గాడుల్లేనివి, పొడి రోడ్డును జిగురులా పట్టుకుంటాయి. తడి రోడ్డు మీద మాత్రం అవి సబ్బుబిళ్లలు. వాన టైర్లది మెత్తటి రబ్బరు, లోతైన గాడులు. నీళ్లను పక్కకి చిమ్మేసి రోడ్డును వెతికి పట్టుకుంటాయి. రోడ్డు ఆరిందా, పావుగంటలో వేడెక్కి తునకలు తునకలుగా రాలిపోతాయి. అందుకని ఇప్పుడు పడుతున్న వాన చూసి టైరు ఎంచేవాడు వెర్రివాడు. ఇంకో పావుగంటకి పడబోయే వాన చూసి ఎంచాలి.

ఆ సీజను మొదటి పందెం నాడు ఆకాశం మబ్బుగా ఉంది, చినుకు లేదు. అందరూ నున్నవే బిగించారు. నేను ట్రాక్ వెంట నడిచి దూరపు మలుపు దాకా వెళ్లి రోడ్డు మీద అరచెయ్యి పెట్టాను. చెట్ల నీడన రాత్రి పడ్డ తడి ఇంకా ఆరలేదు. గాలి పల్లపు వైపు నుంచి వీస్తోంది. వెనక్కి వచ్చి వాన టైర్లు తీశాను. ఆ ఏడే కొన్న కొత్త సెట్టు, గోరు నొక్కితే వెన్నలో దిగినట్టు దిగేది.

రొట్టెలవాడు చూశాడు. మమ్మల్ని బాబాయ్, పిన్నీ అని పిలిచేవాడు. మనిషి పిండిముద్దలా తెల్లగా, ఎప్పుడూ పొంగుతూ ఉండేవాడు.

"బాబాయ్, వాన ఏదీ?"

"బయల్దేరింది. కబురు పంపింది."

"ఎవరితో?"

"నా ఎడమ మోకాలితో. కుడి మోకాలు అబద్ధాలకోరు, దాన్ని నేను నమ్మను."

"పిన్నీ, ఈయనతో ఎలా వేగుతున్నావో గానీ!"

"వేగడమేంటి, మాడిపోయాను" అంది మా ఆవిడ అటు తిరిగే, టీ ఊదుకుంటూ.

నాలుగో చుట్టులో కుండపోత. నున్న టైర్లవాళ్లంతా రోడ్డు మీంచి గడ్డిలోకి ఒక్కొక్కరే జారుకున్నారు, పెళ్లిలో అన్నం అయిపోయిందని తెలిసినట్టు. మా ఆవిడ అందరికంటే ముందొచ్చింది. హెల్మెట్ తీసి మొట్టమొదట అడిగిన మాట ఇది.

"గాలి ఓ పిసరు ఎక్కువ పెట్టావు కదూ?"

"పెట్టాను. నీళ్లు నిలిస్తే గాడులు మూసుకుపోకుండా."

"తెలిసింది. చేతులకి తెలిసింది."

స్టీరింగు పట్టుకుంటే టైర్లో గాలి ఎంత ఉందో చెప్పగల చేతులవి. ఇది మాత్రం కోత కాదు. కావాలంటే సగం తీసేసుకోండి, మిగిలిన సగమూ గొప్పే.

రెండో పందానికి పొద్దున్నుంచే వాన. మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇచ్చింది. రొట్టెలవాడు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బాబాయ్, ఆరుతుందంటావా?"

"ఆరదురా. వానవే వేసుకో."

"పళ్ల డాక్టరు నున్నవి వేస్తున్నాడు. ఆరితే నన్ను మింగేస్తాడు."

"ఆరకపోతే?"

"ఆరుతుందిలే" అన్నాడు నవ్వుతూ. కష్టపడి పనిచేసే మనిషి, వారమంతా కొలతలేసి బతికేవాడు. ఆదివారం ఒక్కరోజైనా పందెం కాయాలనిపించిందేమో.

రెండో చుట్టులోనే మళ్లీ కురిసింది. దూరపు మలుపు దగ్గర గోడకి కొట్టుకున్న చప్పుడు, చక్రాలు మార్చే పిట్‌లో ఉన్న నాకు వినిపించింది. పెద్ద చప్పుడేం కాదు. రేకు డబ్బా మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది, అంతే.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి భుజం దగ్గర్నుంచి పనికిరాకుండా పోయింది. వారం తర్వాత వాళ్ల దుకాణానికి వెళితే, అతని భార్య పిండి పిసుకుతోంది. అతను పక్కన స్టూలు మీద కూర్చుని, "ఇంకొంచెం నీళ్లు... చాలు... ఇప్పుడు మడత పెట్టు" అని నోటితో చెబుతున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో దానంతటది పిసుకుతున్నట్టు కదులుతోంది. ఒక్క జోకు వెయ్యాలని నోరు తెరిచాను. రాలేదు. నాకు జోకు రాకపోవడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తర్వాత, "పాపం. వాడు పందెం కాశాడు" అంది. "మనింట్లో ఆ బాధ లేదు. నువ్వు ఊహించి వెయ్యవు, తెలిసి వేస్తావు."

ఆ మాటకి ఇంకో మగాడైతే పొంగిపోయేవాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్రలో రేకు డబ్బా చప్పుడు.

ఆ వారమే మా అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ సరుకులకి వెళ్లేదాకా ఆగి, నా ముందు కూర్చుంది.

"నాన్నా, అమ్మని మానిపించు."

"నేనా? మీ అమ్మనా? దానికంటే వానని మానిపించడం తేలిక."

"ఎగతాళి వద్దు. రాత్రిళ్లు నాకు నిద్ర పట్టడం లేదు. ఆ రొట్టెలాయన గోడకి కొట్టుకున్న చోటే కదా అమ్మ అందరికంటే వేగంగా వెళ్లేది?"

అవును, అక్కడే.

సాయంత్రం మా ఆవిడతో అన్నాను, సరదాగా అన్నట్టే. "ఏమే, ఈ ఏటితో చాలిస్తే ఏమవుతుంది? ఇద్దరం కలిసి కుండీల్లో మిరపమొక్కలు పెంచుకుందాం. పందేలు కావాలంటే వాటి మధ్యే పెడదాం, ఏది ముందు కాస్తుందో."

ఆవిడ నవ్వలేదు. చేతులు రెండూ చాచి నాకు చూపించింది.

"ఇవి చెప్పిన రోజు మానేస్తాను. నువ్వు చెబితే కాదు, అమ్మాయి చెబితే కాదు, డాక్టరు చెబితే అసలే కాదు. డిపోలో ఎంతమందిని చూశాను! కాలు తగ్గినవాడు బ్రేకును తిడతాడు, చూపు తగ్గినవాడు అద్దాన్ని తిడతాడు. బండి మీద తప్పు తోస్తూ తోస్తూ ఎవడి మీదకో ఎక్కించేదాకా దిగరు. నేనలా కాదు. నా చేతులు 'ఇంక చాలు' అన్న రోజున, అదే రోజున, తాళం తీసి నీ చేతిలో పెట్టేస్తాను. మాట."

మాట తప్పే మనిషి కాదు. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది.

మూడో పందానికి ముందు రోజు కొట్లో ఒక్కణ్ణే ఉన్నాను. వెనక గదిలో ఇంకో సెట్టు వాన టైర్లుండేవి, ఐదేళ్లనాటివి. కారును కొట్లోంచి ట్రైలరు మీదికి దొర్లించడానికి తప్ప దేనికీ వాడేవాళ్లం కాదు. పరిగెత్తింది తక్కువ కాబట్టి గాడులు అప్పటికీ నిండుగా ఉన్నాయి. కానీ రబ్బరు వయసు గాడుల్లో కనబడదు. గోరు నొక్కాను. గోరునే వెనక్కి నెట్టింది. రాయి.

నా లెక్క ఏమిటంటే, పందానికి ముందు ఒక చుట్టు అందరూ నెమ్మదిగా తిరుగుతారు. ఆ చుట్టులోనే ఆవిడకి పట్టు దొరకదు. చేతులు తగ్గాయనుకుంటుంది. తిన్నగా పిట్‌లోకి వచ్చేస్తుంది. రెండు రోజులు ముభావంగా ఉంటుంది. మూడో రోజు మిరపమొక్కలు. సున్నా తప్ప రానివాడి లెక్క ఇంతకంటే ఎలా ఉంటుంది?

టైర్లు కడిగి, నల్లగా తుడిచి, రిమ్ములకెక్కించాను. పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్న చేతులు కాబట్టి వణకలేదు. వణికి ఉంటే బాగుండేది.

మర్నాడు ముసురు. టైర్ల గురించి ఆలోచించే పనే లేదు, అందరివీ వానవే. నేను చక్రాలు బిగిస్తున్నాను, ఆవిడ అటు తిరిగి టీ తాగుతోంది. లెక్కల టీచరమ్మ ఎవరి మీదో ఏదో అంటే ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. నాలుగో చక్రానికి నట్లు బిగించి లేచాను. ఆవిడ వచ్చి కూర్చుంది. బెల్టు బిగించుకుంది.

"ఏమిచ్చావు?"

"వానవి."

అబద్ధం కాదుగా! ఆవిడ తలూపి హెల్మెట్ అద్దం దించుకుంది.

నెమ్మది చుట్టు అయింది. ఆవిడ లోపలికి రాలేదు. పందెం మొదలైంది. మొదటి మలుపులోనే కారు వెనక భాగం పక్కకి ఊగింది, సర్దుకుంది. రెండో చుట్టులో రెండుసార్లు. నేను పిట్ గోడ దగ్గరికి పరిగెత్తి, లోపలికి రమ్మని రాసిన పలక ఎత్తి పట్టుకున్నాను. నా ముందునుంచే వెళ్లిపోయింది. మళ్లీ ఎత్తాను. మళ్లీ వెళ్లిపోయింది.

నాకప్పుడు అర్థమైంది. పట్టు లేదని ఆవిడ చేతులు మొదటి చుట్టులోనే చెప్పాయి. నిజమే చెప్పాయి. కానీ నేను "వానవి" అన్నాను కదా. నా మాటను నమ్మి, తన చేతులను నమ్మలేదు. పట్టు ఉండే తీరుతుంది, తనకే అందడం లేదు అనుకుని, ఆ రాళ్ల మీద ఆ తడిలో చుట్టు తర్వాత చుట్టు దాన్ని వెతుకుతోంది.

పన్నెండు చుట్లు. దూరపు మలుపు దగ్గరికి కారు వెళ్లినప్పుడల్లా నేను చెవులు మూసుకున్నాను. ఏడో చుట్టులో అక్కడే గిర్రున తిరిగి, గోడకి మూరెడు దూరంలో ఆగిందట. నేను చూడలేదు. టీచరమ్మ తర్వాత చెప్పింది.

అందరికంటే చివర వచ్చింది. ఇంజను ఆపి చాలాసేపు దిగలేదు. నేను తలుపు తీశాను. చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"టైర్ల తప్పేం లేదయ్యా" అంది నెమ్మదిగా. నేను బాధపడతానేమోనని, ముందుగా అదే చెప్పింది. "నా చేతులే. ఇంక చాలు."

తాళం తీసి నా చేతిలో పెట్టింది.

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. గోడకి మూరెడు దూరం సంగతి టీచరమ్మ అప్పుడే వచ్చి చెప్పడంతో, వచ్చినమాట వచ్చినట్టే కిందికి దిగిపోయింది. తేలు కుట్టిన దొంగ అరుస్తాడా?

ఆ పాత సెట్టును మరుసటి రోజే రంపంతో ముక్కలు కోసి చెత్త లారీలో వేసేశాను.

మా అమ్మాయి ఫోను చేసి, "ఏం మాయ చేశావు నాన్నా!" అని మురిసిపోయింది. నేనూ కొన్నాళ్లు మంచే జరిగిందనుకున్నాను. మనిషి ఇంట్లో ఉంది, గోడ ట్రాక్ మీద ఉంది. ఇంకేం కావాలి?

కానీ పందేలతో ఆగలేదది. సరుకులకి వెళ్లేటప్పుడు కూడా ఆవిడ నా పక్క సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. "నువ్వే నడుపు" అనేది. ఇరవై ఆరేళ్లు బస్సు నడిపిన మనిషి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుల్లా వాటిని చూసుకుంటూ కూర్చునేది. సూదిలో దారం నన్నే ఎక్కించమనేది. ఒకరోజు గాజు గ్లాసు జారి పగిలింది. గ్లాసులు జారతాయి, పగులుతాయి, అందుకే వాటిని ఆరేసి చొప్పున అమ్ముతారు. ఆవిడ మాత్రం ముక్కల వంక చూసి, "చూశావా?" అంది. సాక్ష్యం దొరికినట్టు.

మా అమ్మాయి అది చూసింది. ఆ తర్వాత మాయ మాట ఎత్తలేదు.

వానాకాలం వెళ్లిపోతుండగా, కారును టీచరమ్మకి ఇచ్చేశాం. తీసుకెళ్లడానికి వచ్చిన రోజున మా ఆవిడ దాని అలవాట్లన్నీ చెప్పింది. మూడో గేరు మొరాయిస్తుంది, చలిలో మొదటిసారి పలకదు, బ్రేకు ముందు మెత్తగా నొక్కాలి. అన్నీ చెప్పి, చివరికి నా వైపు వేలు చూపించింది.

"టైర్లు మాత్రం ఈయన ఏమిస్తే అవి వేసుకోమ్మా. వంగి చూడకు. ఈయన నోట్లో ఒక్క నిజముండదు, చేతిలో ఒక్క అబద్ధముండదు."

టీచరమ్మ నవ్వుతూ కారెక్కి వెళ్లిపోయింది. చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మా ఆవిడ గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి బట్టలు మడత పెట్టడానికి కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"నీకొకటి చెప్పాలి."

"చెప్పు. మోకాలి సంగతా, కప్పల సంగతా?"

"ఆ రోజు నీకు నేను పాత టైర్లు వేశాను. వెనక గదిలో ఉండేవి చూడు, ఐదేళ్లవి. రాళ్లు. కావాలనే వేశాను. నువ్వు మానేస్తావని వేశాను. నీ చేతులకేం కాలేదే. అవి నిజమే చెప్పాయి. తప్పంతా నాది."

ఆవిడ చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వింది.

"ఎన్నాళ్లు పట్టిందయ్యా ఇది అల్లడానికి?"

"అల్లడం కాదే, నిజం. ఒట్టు."

"అక్కడ, ఆ రెండో మలుపులో, నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది తెలుసా? ఇవి రాళ్లు, వీడెవడో రాళ్లు బిగించాడు అనిపించింది. అప్పుడే తెలిసింది నా పని అయిపోయిందని. డిపోలో వాళ్లూ అంతే కదా, బ్రేకును తిట్టేవాళ్లు. పైగా నేను తిట్టబోయింది ఎవర్ని? నిన్ను."

"ఆ టైర్లు..."

"ఏవీ, చూపించు."

చూపించడానికి ఏముంది? ముక్కలు చేసి లారీ ఎక్కించింది నేనేగా. ఖాళీ గది చూపించాను. పాతవి చెత్తకి పోయాయి, అంతేగా అంది. కొత్త సెట్టు చూపించాను, దీని మీద మూడో పందెం అరుగుదల లేదు చూడమన్నాను. కడిగిన రబ్బరు ఎవరి పక్షానైనా సాక్ష్యం చెబుతుంది అంది. వెనక్కి తిరిగి వచ్చి మడత పూర్తి చేసి, చొక్కాను దొంతి మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వానకి అబద్ధం చెబుతావు, కప్పలకి చెబుతావు, నాకూ చెబుతావు. రబ్బరుకి చెప్పవు. అది నాకు తెలియదా? ఇంక ఊరుకో. బాగుంది, అక్కడితో ఆపు."

ఇంకా ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లూ స్టీరింగు ముట్టుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా మాత్రం ఆ కథ చెప్పేది, మురిపెంగా, నా కంటే బాగా చెప్పేది. "నా మనసు కష్టపడుతుందని, ఈయన తన టైర్లనే రాళ్లన్నాడమ్మా. ముప్పై నాలుగేళ్లు ఊరి కోసం కోతలు కోశాడు. ఆ ఒక్కటి నా కోసం కోశాడు." వచ్చినవాళ్లు నా వంక చూసి నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వేవాణ్ణి.